నూటికి తొంభై నిద్ర

చిట్టి మొగుడు పొద్దున్నే లేచి ముందు మొహం కడుక్కునేవాడు కాదు. పెళ్లాం మొహమూ చూసేవాడు కాదు. ఎడమచెయ్యి కళ్ల ముందుకు తెచ్చుకుని వాచీ చూసుకునేవాడు. నోరు రాత్రి కంపు కొడుతూనే ఉండేది, గడ్డం మీద చొంగ చారలు కట్టి ఉండేది. అయినా పరీక్ష పాసైన పిల్లాడిలా మొహం వెలిగిపోయేది.

"తొంభై ఒకటి! ఏం నిద్ర చిట్టీ, ఒళ్లు తెలీకుండా పడుకున్నా" అనేవాడు.

తర్వాత ఆమె ఫోను కూడా తనే తీసి ఆమె మార్కులు చూసేవాడు. "నీకు ఎనభై ఎనిమిది. ఫరవాలేదు. ఇంకొంచెం కష్టపడాలి."

నిద్రపోవడానికి కష్టపడమనే మనిషిని చిట్టి ఆయన్నొక్కణ్ణే చూసింది.

ఆ వాచీలు వదినగారి చలవ. వదినగారంటే చిట్టి మొగుడి అక్క. వీళ్ల పెళ్లిరోజుకి జంటగా కొనిచ్చింది. రాత్రి చేతికి పెట్టుకుని పడుకుంటే ఎంతసేపు పడుకున్నదీ, అందులో గాఢనిద్ర ఎంత, కలతనిద్ర ఎంత అన్నదీ తేల్చి, తెల్లారేసరికి నూటికిన్నని మార్కులు వేస్తాయి. ఫోనులో ఆ కుటుంబానికంతా కలిపి ఒక గ్రూపు ఉంది. పొద్దున కాఫీ కంటే ముందు అందరి మార్కులూ అందులో పడాలి. తక్కువొచ్చినవాళ్లను వదినగారు మందలించేది, ఎక్కువొచ్చినవాళ్లకు చప్పట్ల బొమ్మలు పంపేది. చిట్టి మొగుడికి ఎప్పుడూ చప్పట్లే.

చిట్టికి నలభై దగ్గరపడుతున్నాయి. పుట్టింట్లో ఆఖరుది కావడంతో చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు ఊడలేదు. పళ్ల డాక్టర్లకు కట్టుడు పళ్లు తయారుచేసి పంపే చోట పని. మొగుడు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. బయట అందరికీ మాస్టారు. ఇంట్లో ఇంకో మనిషి అత్తగారు. ఆవిడకి చెవులు మందం. వినికిడి మిషను రాత్రిపూట తీసి డబ్బాలో పెట్టేస్తుంది కాబట్టి ఆ ఇంట్లో నిజంగా నిద్రపోయేది ఆవిడొక్కతే.

ఎందుకంటే మాస్టారి గురక అలాంటిది. ఒక తీరుగా సాగే గురకైతే చెవి అలవాటుపడేదేమో. ఇది మాడిన గిన్నె గీకినట్టు మొదలయ్యేది. పెరిగి పెరిగి గొంతులో ఏదో తడితడిగా ఉడికేది. ఉన్నట్టుండి ఆగిపోయేది. ఊపిరి చప్పుడు కూడా ఉండేది కాదు. పక్కన చిట్టి గుప్పెట్లో ప్రాణాలు పెట్టుకుని వినేది. పోయాడా, ఉన్నాడా? అంతలో నీళ్లలో మునిగినవాడు పైకి తేలినట్టు బుస్సుమని, పెదాలు చప్పరించి, మళ్లీ గిన్నె గీకడం మొదలుపెట్టేవాడు. పగలంతా పరాయివాళ్ల నోటి అచ్చులు చేత్తో పట్టుకునే మనిషి చిట్టి. ముసలివాళ్ల చిగుళ్లు, పుచ్చిన పళ్ల గుర్తులు, వేటికీ ఆమెకు రోత పుట్టేది కాదు. ఆ చప్పరింపు వింటే మాత్రం రోత పుట్టి తలగడతో చెవులు మూసుకునేది.

అటు ఇటు దొర్లితే మంచం కిర్రుమనేది. అతను విసుక్కునేవాడు. "కదలకు చిట్టీ, నా మార్కులు పోతాయి." మరుక్షణం మళ్లీ గురక. పోట్లాడే ఓపిక లేక చిట్టి కట్టెలా పడుకోవడం నేర్చుకుంది. చేతులు పొట్టమీద, కళ్లు మూత, ఊపిరి మెల్లగా. రెప్పల వెనక మాత్రం పూర్తి మెలకువ. అలా రాత్రంతా గడిపితే తెల్లారి ఆమె వాచీ ఎనభై ఎనిమిదనేది.

"నేను పడుకోలేదండీ" అంది ఒక పొద్దున.

"పడుకోలేదని నువ్వు అనుకుంటున్నావు. ఇదిగో చూడు, ఒంటిగంట నించి మూడింటి దాకా గాఢనిద్ర."

"ఆ టైముకి వీధిలో కుక్కలు కొట్టుకున్నాయి. విన్నాను."

"కలొచ్చి ఉంటుంది."

"నేను చెబుతున్నాను కదా!"

"నువ్వు చెప్పేది నీ నోరు చెబుతోంది. ఇది నీ ఒళ్లు చెబుతోంది" అని అతను ఫోను ఆమె ముక్కు దగ్గర ఆడించాడు. "నీ ఒంటి సంగతి నీకంటే దీనికే బాగా తెలుసు."

ఎవడో పరాయివాడు రాత్రంతా తన చెయ్యి పట్టుకుని కూచుని, తెల్లారగానే మొగుడికి తన మీద చాడీలు చెప్పినట్టనిపించింది చిట్టికి. స్నానాల గదిలోకి పోయి వాచీ విప్పి, మణికట్టు సబ్బుతో రుద్దుకుంది.

నిద్రలేనితనం ఎన్నాళ్లు దాగుతుంది? పనిలో బయటపడింది. ఆమె పని నాజూకైనది. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి దవడ తయారుచేయాలి. దాని మీద గులాబీరంగు మైనంతో చిగురు కట్టి, ఒక్కొక్క పన్నూ అమర్చాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్లు ముద్ద నమలలేరు. ఒకరోజు కళ్ల ముందు దీపం రెండుగా కనబడి చిట్టి ఇద్దరి సెట్లు తారుమారు చేసింది. పై వరస ఒకరిది, కింది వరస ఇంకొకరిది. ఆ సెట్టు అందుకున్న ముసలావిడ డాక్టరు దగ్గర పెద్ద గొడవ చేసిందట. "ఇవి నా పళ్లు కావు. నా నోట్లో ఇంకెవరో నవ్వుతున్నారు!" అని.

పనివాళ్లంతా పడీ పడీ నవ్వారు. చిట్టీ నవ్వింది. ఆ నవ్వు చల్లారకముందే యజమాని ఆమెను పక్కకు పిలిచాడు. పెద్దవయసు, మంచి మనిషి. పద్దెనిమిదేళ్లుగా ఆమె చేతిపని ఎరిగినవాడు.

"ఏంటమ్మా ఇది? నీ చేతిలో తప్పు దొర్లడం ఎప్పుడైనా ఉందా? రాత్రిళ్లు పడుకుంటున్నావా?"

ఇన్నాళ్లకు ఒకరు అడిగారు కదా అని చిట్టి నోరు తెరిచింది. ఈలోగా గుమ్మంలో మొగుడు. ఆమెను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చి, ఆఖరి ముక్క విన్నాడు.

"పడుకోకేం సార్! ఇదిగో, వారం రోజులది మొత్తం ఉంది" అంటూ ఫోను తీసి చేతికిచ్చాడు. నీలం గీతలు, ఊదా గీతలు, కింద అంకెలు. యజమాని కళ్లజోడు సవరించుకుని చూశాడు. పైకీ కిందికీ వేలితో జరిపి చూశాడు. అప్పుడు చిట్టి వైపు తిరిగిన చూపు ఇందాకటి చూపు కాదు.

"బాగానే పడుకుంటున్నావుగా" అన్నాడు. "అయితే మనసు ఇక్కడ లేదన్నమాట."

మర్నాటి నుంచి పళ్లు అమర్చే బల్ల దగ్గర ఇంకొకరు కూచున్నారు. చిట్టికి ప్లాస్టర్ కలిపే పని ఇచ్చారు. చేరిన కొత్తలో చేసిన పని అది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లే దారిలో ఆమె మొగుణ్ణి అడిగింది. "నా నిద్ర సంగతి ఆయనకెందుకు చూపించారు?"

"నీ తరఫున మాట్లాడానే! నీకేం రోగం లేదని చెప్పాను" అన్నాడు మొగుడు. నిజంగానే ఉపకారం చేశాననుకుంటున్నాడు. సిగ్నలు దగ్గర కారు ఆగింది. ఆకుపచ్చ దీపం వెలిగింది, వెనక హారన్లు మోగాయి. అతను కదల్లేదు. చూస్తే గడ్డం గుండెల మీద వాలి ఉంది. చిట్టి భుజం పట్టి కుదిపింది.

"ఆ, చూస్తున్నాలే" అన్నాడు ఉలిక్కిపడి.

అప్పటికి అతనికి పగటి కునుకులు ఎక్కువయ్యాయి. అన్నం ముద్ద నోట్లో ఉండగానే రెప్పలు వాలేవి. నమలని ముద్ద పెదవి సందులోంచి కనిపించేది. చిట్టి చూపు తిప్పుకునేది. అడిగితే, నిద్ర ఎక్కువైనా ఇలాగే మత్తుగా ఉంటుందని జవాబు. చిట్టి ఊరుకోలేదు. ఒక రాత్రి అతని గురకంతా ఫోనులో పట్టి, పొద్దున టిఫిన్ల దగ్గర వినిపించింది. అత్తగారు అప్పుడే మిషను చెవిలో పెట్టుకుని వచ్చి కూచుంది.

"ఎవరిదమ్మా ఈ పందుల దొడ్డి?" అంది ఆవిడ జాలిగా. "ఒకదానికి గొంతులో ఏదో అడ్డం పడినట్టుంది. చూసేవాళ్లు లేరూ?"

"మీ అబ్బాయే అత్తయ్యా."

ఆవిడ మిషను సర్దుకుని మళ్లీ వింది. "ఛ, నా కొడుకు చిన్నప్పటినించీ పిల్లిలా పడుకుంటాడు" అని టిఫిను మీద పడింది.

మొగుడి మొహం కందగడ్డయింది. "ఫోను నోట్లో దూర్చి పెడితే ఎవరిదైనా ఇలాగే వినిపిస్తుంది."

"మధ్యలో ఊపిరి ఆగిపోతోంది, వినండి. ఒకసారి డాక్టరుకి చూపిద్దామండీ."

"ఊపిరాగితే తొంభై ఎలా వస్తాయి? ఆగినవాడికి మార్కులేస్తారా ఎక్కడైనా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడితో ఏం వాదిస్తుంది? చిట్టి లేచి కంచాలు తీసింది.

తర్వాత నెల తిరక్కుండానే ప్రమాదం జరిగింది. కేకుల దుకాణంలో పనిచేసే ఒకమ్మాయి కారు నేర్చుకుంటోంది. కేకుల మీద క్రీముతో పువ్వులు పెట్టడం ఆమె పని. ఆ రోజు మాస్టారు ఆమె పక్కసీట్లో ఉన్నాడు. నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు తడబడితే తొక్కడానికి. ఆ బ్రేకు ఎవరూ తొక్కలేదు. కారు మలుపులో అదుపుతప్పి రంగుల దుకాణం ముందున్న ఇనుపకమ్మీలకు గుద్దుకుంది. మాస్టారికి నుదుటి మీద చిన్న బొప్పి. ఆ అమ్మాయికి కుడి మణికట్టు విరిగింది.

డ్రైవింగ్ స్కూలు యజమానురాలు మాస్టారినీ ఆ అమ్మాయినీ రమ్మని కబురుపెట్టింది. మొగుడు చిట్టిని వెంటబెట్టుకుని బయలుదేరాడు. "నువ్వు కూడా రా. ఇంటి మనిషి చెబితే నమ్ముతారు" అన్నాడు. ఇన్నాళ్లకు ఆమె మాటకు విలువొచ్చింది!

ఇరుకు గది. గోడనిండా రోడ్డు గుర్తుల బొమ్మలు. అమ్మాయి చెయ్యి ప్లాస్టర్‌లో ఉంది. బయటికి కనబడే వేళ్లు వాచి నల్లబడ్డాయి.

"కుడికా ఎడమకా అని రెండుసార్లు అడిగానండీ" అంది అమ్మాయి. "పలకలేదు. గురకలాగా వినబడింది. ఏంటా అని ఆయనవైపు చూశాను. అంతే."

"గురకా!" మాస్టారు నవ్వాడు. ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. "మేడం, మాటలెందుకు, మీరే చూడండి. ముందురోజు రాత్రి తొంభై మూడు. ఇంత నిద్ర పట్టినవాడు పొద్దున పదింటికి కునుకుతాడా? భయంలో ఈ అమ్మాయికి ఏదో వినిపించి ఉంటుంది. బ్రేకు బదులు ఇంకోటి తొక్కింది. కొత్తవాళ్లకు మామూలే. తనని నేనేం అనడం లేదు."

యజమానురాలు ఫోను చూసింది. అమ్మాయి కూడా మెడ చాచి చూసింది. నీలం గీతలు, ఊదా గీతలు.

"ఏమో" అంది అమ్మాయి, గొంతు తగ్గించి. "నాకే అలా అనిపించిందేమో..."

చిట్టి ఆ అమ్మాయి వాచిన వేళ్లు చూసింది. తన చెవులతో విన్నదాన్ని, చెయ్యి విరగ్గొట్టుకుని తెలుసుకున్నదాన్ని ఆ పిల్ల ఒక గీత చూసి వదులుకుంటోంది. పక్కన మొగుడు పెద్దమనిషిలా తలాడిస్తున్నాడు. పొద్దున గడ్డం మీద చొంగ తుడుచుకున్న చేత్తోనే మీసం దువ్వుకుంటున్నాడు. ఈ మనిషి పక్కనా నేను ఇన్నేళ్లు పడుకున్నది అనుకుంది.

"ఏమ్మా, ఈయన రాత్రిళ్లు బాగా పడుకుంటారా?" అని యజమానురాలు చిట్టిని అడిగింది. చెప్పు చెప్పు అన్నట్టు మొగుడు కళ్లెగరేశాడు.

"లేదండీ" అంది చిట్టి. "పడుకున్నట్టుంటారు, అంతే. నిద్రలో ఊపిరి ఆగిపోతుంది. ఉలిక్కిపడి మళ్లీ పీలుస్తారు. తెల్లవార్లూ అదే తంతు. పగలు ముద్ద నోట్లో పెట్టుకుని కునుకుతారు. మొన్న సిగ్నలు దగ్గర నేను కుదిపితేగాని లేవలేదు. ఆ అమ్మాయి విన్నది గురకే. నేను రోజూ వింటాను."

అమ్మాయి కళ్లనీళ్లు ఎడమచేత్తో తుడుచుకుంది. ఆస్పత్రిలో పరీక్ష చేయించుకుని కాగితం తెచ్చేదాకా మాస్టారు కారెక్కడానికి వీల్లేదని యజమానురాలు తేల్చి చెప్పింది.

ఇంటి గుమ్మం దాటాక మొగుడు, "నలుగురిలో నా పరువు తీశావు" అన్నాడు. సాయంత్రానికి గ్రూపులో వదినగారు రాసింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని కొందరికి ఎప్పటికి తెలుస్తుందో అని. చిట్టి చదివి ఫోను పక్కన పడేసింది.

ఆస్పత్రిలో పరీక్ష చేసే మనిషి చిట్టికంటే చిన్నది. తలకూ ఛాతీకీ తీగలు అతికించి, రాత్రంతా అక్కడే పడుకోబెట్టి చూస్తారట. ఆ పని మొదలుపెట్టేముందు ఆమె అడిగింది.

"ఇంట్లో ఈయన పక్కన పడుకునేదెవరు?"

"నేనేనమ్మా."

"అయితే మీరు కూచోండి. ముందు మీరు చెప్పాలి."

"నన్నడగండి, నా దగ్గర అన్నీ ఉన్నాయి" అంటూ మొగుడు ఫోను తీయబోయాడు.

"మీరు నిద్రలో ఉంటారు కదండీ, మీకేం తెలుస్తుంది?" అంది ఆమె మామూలుగా, రాసుకోవడానికి పెన్ను తీస్తూ.

చిట్టి కుర్చీ ముందుకు లాక్కుంది. తర్వాత చెప్పింది. గిన్నె గీకడం, ఆగిపోవడం, బుస, చప్పరింపు, తన మెలకువ, అన్నీ. ఆమె ఒక్కసారి కూడా అడ్డురాలేదు.

పరీక్షలో తేలింది, గంటకు నలభైసార్లు పైగా ఊపిరి ఆగుతోందని. డాక్టరు ఆ మాట చెప్పగానే మొగుడు చెయ్యి చాపాడు. వాచీ తీయకుండానే పరీక్షకు పడుకున్నాడు మరి. "అదే రాత్రికి ఇది ఎనభై తొమ్మిది ఇచ్చింది డాక్టర్‌గారూ!"

"అది మీ తలలోకి చూడలేదు కదండీ" అన్నాడు డాక్టరు. "చెయ్యి కదలడం, నాడి కొట్టుకోవడం చూసి ఊహిస్తుంది. ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు అన్నంతవరకు సుమారుగా చెబుతుంది. గాఢనిద్రా కలతనిద్రా అన్న దగ్గర తరచూ తప్పుతుంది. మనిషి మెలకువగా ఉండి కదలకుండా పడుకున్నా, చాలాసార్లు నిద్రే అనుకుంటుంది."

ఆఖరి మాట దగ్గర చిట్టి మొగుడి వైపు చూసింది. ఇప్పుడన్నా తిరిగి తన వైపు చూస్తాడేమోనని. అతను వాచీ వైపే చూస్తున్నాడు, మోసం చేసిన స్నేహితుణ్ణి చూసినట్టు.

బయట వరండాలోకి వచ్చాక చూశాడు. చూసి అన్నాడు. "ఇంత జరుగుతుంటే పక్కనే పడుకుని ఏం చేస్తున్నావు చిట్టీ? ముందే గట్టిగా చెప్పొద్దూ?"

చిట్టికి కోపమొచ్చినా బాగుండేది. కోపమొస్తే ఇంకా పోట్లాడాలని ఉంటుంది, పోట్లాడితే వింటాడేమోనని ఉంటుంది. ఆమెకు వచ్చింది కోపం కాదు, రోత. చేతిసంచి భుజానికి తగిలించుకుని ముందుకు నడిచింది.

ఆ వారమే కేకుల దుకాణానికి వెళ్లింది. అమ్మాయి గల్లా దగ్గర కూచుని ఒంటిచేత్తో ఆర్డర్లు రాసుకుంటోంది. పువ్వులు పెట్టే చెయ్యి ఇంకా ప్లాస్టర్‌లోనే ఉంది.

"మీరెందుకండీ వచ్చారు, ఆయన రావాలి గాని" అంది.

"ఆయన రారమ్మా."

అమ్మాయి కాసేపు ఆమెను తేరిపార చూసి, ఉండబట్టలేక అడిగింది. "నేను ఒక్కసారి విన్నందుకే ఇప్పటికీ కలలోకొస్తోంది అక్కా. మీరు ఆయన పక్కన ఎలా పడుకుంటారు?"

"పడుకోవడం లేదు" అంది చిట్టి. పైకి అన్నాక ఆ మాట ఎంత తేలిగ్గా ఉందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

ఇంటికి వెళ్లి, బట్టలు ఇస్త్రీ చేసుకునే చిన్న గదిలో మడతమంచం వేసుకుంది. వాచీని డబ్బాలో పెట్టి వదినగారికి పంపేసింది. పనిలో యజమానిని కలిసి, తనను పాత బల్ల దగ్గరికి మార్చమంది.

"ఆ రోజు నిన్నే అడిగాను కదమ్మా" అన్నాడాయన.

"నన్ను అడిగారు. జవాబు ఆయన ఫోనులో చూసుకున్నారు."

పెద్దాయన తల గోక్కున్నాడు. సిగ్గుపడ్డట్టే ఉన్నాడు. "చూద్దాం" అన్నాడు. చూడడానికి ఆయనకు ఇంకో నెల పట్టింది.

మొగుడికి మూతికి తగిలించుకుని పడుకునే గాలిమిషను ఇచ్చారు. గురక పోయింది. పగటి కునుకులు తగ్గాయి. కాగితం తీసుకుని మళ్లీ పనిలో చేరాడు. ఆ మిషను కూడా పొద్దున్నే నూటికిన్నని మార్కులు వేస్తుందని తెలిసిన రోజున అతని ఆనందం చెప్పనలవి కాలేదు. గ్రూపులో మళ్లీ చప్పట్లు మొదలయ్యాయి.

"గురక పోయిందిగా, ఇంకా ఆ గదిలో ఎందుకు?" అన్నాడు.

"మీ గురక పోయింది. నేను ఇక్కడే పడుకుంటాను."

"పోనీ వాచీ అన్నా పెట్టుకో. అక్క అడుగుతోంది, నీ మార్కులు రావడం లేదని."

"నేను పడుకున్నానో లేదో తెలియాలంటే నన్నడగండి. నోటితో చెబుతాను."

అతను కొన్నాళ్లు ముఖం మాడ్చుకున్నాడు. ఆ తర్వాత ఒక పొద్దున ఇస్త్రీ గది గుమ్మంలో నిలబడ్డాడు. మూతి చుట్టూ మిషను తొడుగు గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి.

"పడుకున్నావా?" అని అడిగాడు. అడుగుతూనే అతని చూపు ఆమె మణికట్టు మీదికి పోయింది.

నిజానికి ఆ రాత్రి చిట్టి పడుకుంది. తలగడ మీద తల పెట్టింది గుర్తుంది, కిటికీలోంచి ఎండ మొహాన పడడం గుర్తుంది, మధ్యలో ఏమీ గుర్తులేదు. చెబితే ఆ ముక్క కూడా కాఫీకి ముందే గ్రూపులో పడుతుంది.

"పోయి మొహం కడుక్కోండి" అంది చిట్టి, దుప్పటి మడతపెడుతూ.